చిన్నదే

రాళ్ల సారు జీపు మొదట ఆగింది మా బావి కాడే. డ్రైవరు దిగి డబ్బాతో నీళ్లు తోడి ఇంజనులో పోసుకున్నాడు. నేను పార పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఇక వీళ్లు మమ్మల్ని ఏదో అడుగుతారని నిలబడ్డాను. ఏమీ అడగలేదు. జీపు దుమ్ము లేపుకుంటూ నేరుగా కొల్లప్ప గుట్టకు పోయి ఆగింది. మా ఇంట్లో మంట ఆ రోజే అంటుకుంది.

కొల్లప్ప పరాయివాడు కాదు. మా ఆయన ఎర్రిస్వామికి చిన్నాన్న కొడుకు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, మా ఆయన వానలకు ముందు, వాడు వానలు పడ్డాక. ఆ కాస్త పెద్దరికం తప్ప వాడి మీద ఎందులోనూ తనకు పైచేయి దొరకలేదని మా ఆయన బాధ. చిన్నప్పుడు వాడి బొంగరమే ఎక్కువసేపు తిరిగేదంట. వాడు రేడియో కొన్న రోజు ఈయనకు అన్నం సహించలేదు. వాడి ఎద్దు కుంటిన రోజు మాత్రం ఇంకో ముద్ద వేయమన్నాడు. వాడికి తెల్లటి పెండ్లాం వచ్చిందనే దుగ్ధ కూడా లోపల ఎక్కడో ఉందని నాకు తెలుసు. అడిగితే ఒప్పుకోడు. నేను అడగడం మానలేదు.

ఆ తెల్లటి పెండ్లామే సంజీవమ్మ, నా తోడికోడలు. శిరా పక్క కన్నడ ఇంట్లో పుట్టిన పిల్ల. మాతో తెలుగే మాట్లాడుతుంది గానీ కోపం వచ్చినా, లెక్క పెట్టినా కన్నడమే. ఆమెతో నాకు తగాదా అంటూ ఏమీ లేదు. ఆమె నడిచినా, నవ్వినా, తలలో పూలు పెట్టుకున్నా ఊరికే నా ఒళ్లు మండుతుంది, అంతే. దానికి కారణం వెతికే తీరిక నాకు లేదు.

ఒక్క భూమి విషయంలో మాత్రం మాదే పైచేయి. తాత ఆస్తి పంచేటప్పుడు చీటీలు వేస్తే కింది ఎర్రచేను మాకు వచ్చింది, గుట్ట వార నేల కొల్లప్ప వాళ్లకు పోయింది. వాళ్ల నేలలో నాగలి పెడితే పలుగురాళ్లు కర్రుకు తగిలి టంగుమంటాయి. మా చేలో బావి తవ్వుకున్నాం. తవ్వినప్పుడు మన్ను గంపలు మోసింది నేను. కరెంటు మోటరు పెట్టించమని ఆయన చెవిలో జోరీగలాగా పోరింది నేను.

ఎనభై ఆరు, ఎనభై ఏడుల సంగతి పావగడ తాలూకాలో ఎవరికీ చెప్పే పనిలేదు. శెనక్కాయ విత్తుతాం, మొలుస్తుంది, ఊడలు దిగే వేళకు మబ్బు ముఖం చాటేస్తుంది. వల్లూరు నుంచి తిరుమణి దాకా చేలన్నీ ఎండిన తీగలతో పడి ఉండేవి. మా బావిలో నీళ్లు తగ్గాయి గానీ తెగలేదు. ఊళ్లో ఆడవాళ్లు తాగే నీళ్ల కోసం మా గట్టు మీదికే వచ్చేవాళ్లు, సంజీవమ్మతో సహా. ఆమె బిందె నింపుకుని, వంగి, తడిసిపోతూ నెత్తికెత్తుకుంటుంటే నేను చూస్తూ నిలబడేదాన్ని. ఆ ఏళ్లలో అంతకంటే సుఖం నాకు ఇంకొకటి లేదు.

అలాంటప్పుడు జీపు వాళ్ల గుట్టకు పోయింది.

ఆ గుట్ట నడుమ నుంచి తెల్లటి పలుగురాయి చార ఒకటి కిందికి దిగుతుంది. దాని మీద అక్కడక్కడా పచ్చటి మరక. తోమకుండా వదిలేసిన రాగిచెంబుకు పట్టే చిలుము రంగు. గొర్రెలు కాసేవాళ్లందరూ చూసిందే, ఎవరికీ అక్కర లేనిదే. రాళ్ల సారుకు అదే కావాలంట. ఆ మరక లోపల రాగి ఉన్నట్టు గుర్తని, రాగి ఉన్నచోట ఒక్కోసారి బంగారం కూడా ఉంటుందని, పరీక్ష చేయమని సర్కారు పంపిందని డ్రైవరు టీ అంగడిలో చెప్పాడు. సాయంత్రానికి ఊరంతా కోలారు గనుల గురించే మాట్లాడుకుంది. కోలారు చూసినవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు.

గుట్ట కింద డేరాలు లేచాయి. రాయి చారకు అడ్డంగా కాలువల్లాగా గుంతలు తవ్వించారు. సారు గుంతలోకి దిగి, సుత్తితో ఠక్కున ఒక పెచ్చు కొట్టి, కంటికి చిన్న అద్దం ఆనించుకుని చూసి, గుడ్డసంచిలో వేసి మూతి కట్టేవాడు. ఎండిపోయిన వంకలో ఇసుక తెప్పించి, వెడల్పాటి గిన్నెలో పోసి, నీళ్లతో తిప్పి తిప్పి కడిగించేవాడు, అడుగున ఏమైనా మిగులుతుందేమోనని. ఆ నీళ్లు మా బావివి. నీళ్లు మావి, పేరు కొల్లప్పది.

కొల్లప్పను కాపలాకు పెట్టుకున్నారు. ఖాకీ చొక్కా ఇచ్చారు. ఆ చొక్కా వేసుకుని మా వాకిలి ముందు నుంచే పోయేవాడు, వాడి ఇంటికి ఇంకో దారి ఉన్నా సరే. సంజీవమ్మ డేరాల కాడ వంట చేసేది. సారు ఆమెతో కన్నడంలో మాట్లాడతాడని, ఆమె చేసిన ముద్దా పులుసూ తిని బాగుందన్నాడని ఊరికంతా చెప్పుకుంది. చిలుము పట్టిన రాయి ఒకటి తెచ్చి కిటికీలో పెట్టింది, దారిన పోయేవాళ్లకు కనబడేట్టు. ఒకరోజు ఆమె జీపులో ముందు సీట్లో కూర్చుని పావగడ సంతకు పోతూ నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. చేతిలో కలుపు ఉంది.

మా ఆయన సంగతి ఇక చెప్పనక్కర లేదు. అన్నం ముందు కూర్చుంటాడు, గుట్ట వైపు చూస్తాడు, లేచిపోతాడు.

"అప్పుడు చీటీ తీసింది నేనే గదే," అన్నాడు ఒకరోజు. "నా చేత్తో నేనే తీసుకుంటి ఈ చేను. రెండో చీటీ తీసింటే ఆ గుట్ట నాది."

"చేను వచ్చినందుకే గదప్పా గంగమ్మకు కోడిని కోస్తివి," అన్నాను.

"అప్పుడు తెలీలా," అన్నాడు.

ఆ మర్నాడు గొర్రెల్ని తోలుకుని గుట్టకు పోయాడు. మాకున్న గొర్రెలు అన్నీ కలిపినా ఒక మూల పడుకుంటాయి, వాటి మేత కోసం ఎప్పుడూ ఆయన గుట్ట ఎక్కిన పాపాన పోలేదు. సాయంత్రం గొర్రెలు ముందు వచ్చాయి, వాటి వెనక పరుగెత్తుతున్నట్టు ఆయన వచ్చాడు. బిడ్డల్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"విన్నాను," అన్నాడు. "నా రెండు చెవులతో విన్నాను. బండ చాటున పండుకొని విన్నాను. సారు రాయి కొట్టినాడు, అద్దం పెట్టుకొని చూసినాడు, అసిస్టెంటు చేతికి ఇచ్చినాడు. తల ఊపినాడు. 'చిన్నదే' అన్నాడు. అసిస్టెంటు కూడా చూసి 'చిన్నదే సార్' అన్నాడు."

నా చేతిలో చేట అలాగే నిలిచిపోయింది.

ఇక్కడ మా తాలూకా సంగతి కొంచెం చెప్పాలి. మేముండేది కన్నడ సీమలో, మా ఇళ్లల్లో మాత్రం తెలుగు. తాలూకాఫీసులో, బడిలో, బస్సులో కన్నడం. పొలంలో తెలుగు తిట్లు తిట్టుకున్నవాళ్లమే గుమాస్తా ముందుకు పోగానే కన్నడంలో వంగుతాం. ప్యాంటు వేసుకున్న మనిషి నోరు తెరిస్తే మా చెవి తనంతట తానే కన్నడానికి తిరిగిపోతుంది, ఎవరూ తిప్పక్కర లేదు. కన్నడంలో చిన్న అంటే బంగారం. చిన్నదే అంటే బంగారానిదే. ఆఫీసరు, అందులోనూ బెంగుళూరు నుంచి వచ్చిన ఆఫీసరు, గుట్ట మీద నిలబడి అన్నాడు. ఇంకోరకంగా వినాలని మాకు తట్టనే తట్టలేదు.

"కొల్లప్పకు తెలుసునా?" అన్నాను.

"వాడు ఆ పొద్దు సంచులు మోస్తా కింద ఉన్యాడు. వాడికి తెలీదు." మా ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "వాడికి తెలిసేలోపల గుట్ట మనది కావల్ల."

"ఎట్లవుతుందప్పా?"

"చేను ఇచ్చి మార్చుకుందాం."

గయ్యిమన్నాను. బావి ఇచ్చేస్తావా అన్నాను. విత్తుకు, నీటికి, పంటకు ఒంటిచేత్తో చచ్చింది నేను, పచ్చగా మొలిచి ఉన్న శెనక్కాయతో సహా ఇచ్చేస్తావా అన్నాను. ఆయన ఒక్కటే మాట అన్నాడు. "గని కంపెనీ వస్తే కొల్లప్పకు బంగళా కట్టిస్తారు. ఆ ముందు సీట్లో సంజీవమ్మ రోజూ పోతాది. నువ్వు ఈడ కలుపు తీస్తా చూస్తా ఉండు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బావి గుర్తొచ్చినప్పుడు వద్దనిపించింది. ముందు సీటు గుర్తొచ్చినప్పుడు కావాలనిపించింది. తెల్లవారేసరికి ముందు సీటే గెలిచింది.

మా కులంలో పెద్దమనిషి పెద్దతిమ్మప్ప. ఆయన ఇంటి అరుగు మీద మాట నడిచింది. గొర్రెల మంద పెంచాలని ఉంది, గుట్ట అయితే మేతకు బాగుంటుంది, అందుకే అడుగుతున్నానని మా ఆయన చెప్పాడు. కొల్లప్ప నోరు వెళ్లబెట్టాడు. బావి ఉన్న చేను ఇచ్చి రాళ్లగుట్ట తీసుకుంటానంటే ఎవడైనా నోరు వెళ్లబెడతాడు.

"నేలలో ఏం దొరికినా అది సర్కారుది, ఎర్రిస్వామీ," అన్నాడు పెద్దతిమ్మప్ప. "ఆశపడి చేస్తా ఉండావేమో చూసుకో."

"నేను గొర్రెల మాట చెప్తా ఉంటే నువ్వు నేల మాట చెప్తావేంది పెద్దాయనా?"

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏం ఓబక్కా, బావి నీ కష్టం. నీ మాట ఏంది?"

సంజీవమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది, నా బావి అప్పుడే తనదైనట్టు నవ్వు ఆపుకుంటూ. నవ్వు, ఇంకెన్ని రోజులు నవ్వుతావో నవ్వు అనుకున్నాను. "ఆయన మాటే నా మాట," అన్నాను. అన్నాను మరి. ఏం, అనకూడదా?

పావగడకు పోయి కాగితాలు మార్చుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అంత నిటారుగా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు ఇప్పుడూ పళ్లు కొరుక్కోబుద్ధేస్తుంది. నా చేలో, నా చేత్తో విత్తిన శెనక్కాయకు సంజీవమ్మ నీళ్లు కట్టేది. తాగే నీళ్ల కోసం నేను బిందె పట్టుకుని ఆ గట్టుకే పోయేదాన్ని. ఆమె నిలబడి చూసేది. ఆ నిలబడటం నా దగ్గరే నేర్చుకుంది. పోనీలే, కొన్నాళ్లే కదా, తర్వాత వెండి బిందెతో వస్తానని నాలో నేను అనుకుని ఎత్తుకునేదాన్ని.

మా ఆయన నోరు ఊరుకుంటుందా? టీ అంగడిలో ఎవరో గుట్ట తీసుకుని ఏం బావుకున్నావని ఎగతాళి చేస్తే పౌరుషం పొడుచుకొచ్చి, సారు అన్న మాట చెప్పేశాడు. ఆ మాట నడుచుకుంటూ పోయి కొల్లప్ప ఇంటి తలుపు తట్టింది. ఆ రోజు నుంచి కొల్లప్పకు అన్నం సహించలేదంట. మా ఆయనకు ఆ సంగతి చెబితే రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున డేరాలు విప్పుతున్నారు. నేను పరుగున పోయాను. ఇప్పుడు ఆ గుట్ట మాది కదా, అడిగే హక్కు నాకుంది. కన్నడంలో ఏమడగాలో దారిపొడుగునా కూర్చుకుంటూ పోయాను. పోయేసరికి మా గొర్రెపోతు ఒకటి డేరా వెనక నుంచి తల దూర్చి సారు కట్టిపెట్టిన గుడ్డసంచి నములుతోంది.

"ఓరి దీని దుంప తెగ! పట్టండ్రా, సంచి తినేస్తోంది! పట్టు, పట్టు!" అని అరుస్తూ వచ్చాడు సారు.

తెలుగులో.

నేను గొర్రె చెవి పట్టుకున్నాను గానీ సంచి విడిపించడం మర్చిపోయాను. "సార్, మీరు తెలుగువాళ్లా?"

"నంద్యాల దగ్గరమ్మా," అన్నాడు సంచి లాక్కుంటూ. "మా అసిస్టెంటుది మదనపల్లె."

"మరి ఇన్ని దినాలూ కన్నడం మాట్లాడితిరే?"

"మీ ఊరివాళ్లంతా నన్ను చూడగానే కన్నడంలో పలకరించారు. నేనూ కన్నడంలోనే జవాబు చెప్పాను. పనిలో మాత్రం మేమిద్దరం తెలుగేనమ్మా."

గొర్రె చెవి వదిలేశాను. గుట్టలో ఏముంది సార్ అని అడిగాను.

పాపం, మంచి మనిషి. ఒక రాయి తీసి చూపించి చెప్పాడు. "ఈ పచ్చదనం రాగిదేనమ్మా. బంగారం జాడ కూడా తగిలింది, లేదనను. కానీ ఈ రాయి చార పొడుగూ లేదు, లోతూ లేదు. గని తవ్వేంత సరుకు కాదు. మొదట్లోనే మా అసిస్టెంటుతో అన్నాను, ఇది చిన్నదే అని. చాలా చిన్నది."

చిన్నదే. పుట్టినప్పటి నుంచి నా నోట్లో ఉన్న మాట. చిన్న చెంబు, చిన్న కోడలు, చిన్నన్న. అది నా కళ్ల ముందు నిలబడి నవ్వుతున్నట్టనిపించింది. నేను సారుకు దండం పెట్టానో లేదో గుర్తు లేదు. మా ఆయన్ని చంపేయాలనుకుంటూ ఇంటికి నడిచాను. బండ చాటున పడుకుని వినేవాడివి, ఇంకో మాట విని చావకూడదా అని దారిపొడుగునా తిట్టాను.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కొల్లప్ప, సంజీవమ్మ కూర్చుని ఉన్నారు. మా ఆయన గోడకు ఆనుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"వదినా, నువ్వన్నా చెప్పు," అన్నాడు కొల్లప్ప నన్ను చూడగానే. మనిషి చిక్కిపోయాడు. ఖాకీ చొక్కా వదులైంది. "అన్న నన్ను మోసం చేసినాడు. గొర్రెలకని చెప్పి గుట్ట తీసుకున్యాడు. అయింది ఏందో అయింది. ఎవురిది వాళ్లకు మళ్లీ మార్చుకుందాము. మీ చేను మీకిస్తాను, పంటతో సహా."

బావి. పంటతో సహా. మా ఆయన ఊఁ అంటే చాలు, ఆ ఒక్క ముక్క అంటే చాలు. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని ఎటో చూస్తున్నాడు. కొల్లప్ప తన వాకిట్లోకి వచ్చి బతిమాలడం ఆయన జన్మలో మొదటిసారి. దాన్ని బెల్లంముక్కలా చప్పరిస్తున్నాడు.

"ఏమప్పా, ఒకసారి ఇట్లా రా," అని కొట్టంలోకి లాక్కుపోయాను. కట్టేసిన ఎనుము పక్కన నిలబెట్టి గుసగుసగా చెప్పాను. "ఒప్పుకో. ఇప్పుడే ఒప్పుకో. ఆ సారు నంద్యాలాయన. తెలుగోడు. నువ్వు విన్నది తెలుగు మాట. చిన్నది అంటే చిన్నది, కొంచిం. ఆడ ఏమీ లేదంట. ఆయనే చెప్పినాడు."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. "మూడు నెలల పొద్దూ కన్నడం మాట్లాడినోడు ఈ పొద్దు తెలుగోడయిపాయనా?"

"నీ మీద ఒట్టు."

"నీకి ఆ బావి మీద ప్రాణం. దానికోసరం ఏమన్నా చెప్తావు. ఏమీ లేకుంటే కొల్లప్ప ఎందుకు వస్తాడే? వాడు దేని మీద కన్నేసినా అది మంచిదే అయ్యుంటాది. పుట్టినప్పటి నుంచీ చూస్తా ఉండా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో దిగులు లాంటిది ఉంది. నాకు జాలి వేసి ఉండేదే, లోపల అంత కోపం లేకపోతే.

బయటికి వచ్చాం. సంజీవమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అక్కా, నువ్వు ఇప్పుడే సారును చూసి వచ్చినావంట. మేము అడిగితే గుట్ట మీది కాదు గదా అన్యాడు. నిజం చెప్పు. నీ బిడ్డల మీద ఒట్టేసి చెప్పు. ఏమన్నాడు?"

ఏం చెప్పను? ఏమీ లేదని చెబితే కొల్లప్ప తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు, నా బావి వాడితోనే పోతుంది. ఉందని బిడ్డల మీద ఒట్టేసి అబద్ధం ఆడలేను. అప్పుడు తట్టింది. ఒకే మాట ఉంది, ఇద్దరికీ సరిపోయే మాట. సంజీవమ్మ దాన్ని పుట్టింటి కన్నడంలో వింటుంది. మా ఆయనకు అది తెలుగని ఇప్పుడే కొట్టంలో చెప్పి వచ్చాను. అబద్ధమూ కాదు, ఒట్టూ తప్పదు, బావీ దక్కుతుంది. ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను.

మా ఆయన ముఖంలోకే చూస్తూ, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను. "బిడ్డల మీద ఒట్టు. సారు ఒకటే మాట అన్నాడు. చిన్నదే."

సంజీవమ్మ నా చెయ్యి వదిలేసింది. కొల్లప్ప అరుగు దిగి మా ఆయన ముందుకు వచ్చాడు. "అన్నా, మోటరు కొత్తది ఏయించి ఇస్తాను. ఎద్దుల్ని కూడా తోలుకో. నా గుట్ట నాకియ్యన్నా."

ఇక ఒప్పుకో అని నేను కళ్లతో మొత్తుకున్నాను. మా ఆయన తొడ చరుచుకుని లేచాడు.

"విన్యావు గదరా! నా పెండ్లాం బిడ్డల మీద ఒట్టేసి చెప్పింది, విన్యావు గదా! కొట్టంలో నాకి ఒగ మాట చెప్పింది, ఒట్టు పెట్టేతలికి నిజం బయటపడె. చిన్నదే! ఇంగ నువ్వు పావగడ అంతా రాసిచ్చినా నేను ఇయ్యను, పో!"

ఇప్పుడు విప్పి చెబితే ఏమవుతుంది? మా ఆయన ఎలాగూ నమ్మడు. సంజీవమ్మ మాత్రం నమ్ముతుంది. నమ్మి, నిదానంగా, ఆ పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతుంది. ఆ నవ్వు కింద నేను బతకలేను. నోరు మూసుకుని లోపలికి పోయాను. వాళ్లిద్దరూ వీధిలోకి దిగి పోతుంటే సంజీవమ్మ మా ఇంటి వైపు తిరిగి తిరిగి చూసింది.

జీపు పోయింది. మళ్లీ రాలేదు. సారు వాళ్లు వదిలేసిన గుంతలోకి మా ఆయన గడ్డపార తీసుకుని దిగాడు. కంపెనీ వచ్చేలోపల కొంత తానే తీసి పెట్టుకుంటాడంట. రోజూ చిలుము రాళ్లు తెచ్చి మంచం కింద పేర్చేవాడు. ఇంట్లో గింజలు మాత్రం లేవు.

అందుకని శెనక్కాయ పీకే రోజుల్లో నేను కూలికి పోయాను. వేరే చేలల్లో పంట ఉంటే కదా, వేరే చేనికి పోవడానికి. నేను విత్తిన చేనికే పోయాను. కాయ బాగా దిగింది. ఒక్కో చెట్టు పీకుతుంటే గుత్తులు గుత్తులుగా వచ్చాయి. మన్ను దులుపుతూ వంగి పోతున్నాను, ఎండ వీపు మీద ఉంది. సంజీవమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. మిగతా కూలివాళ్లకు పోసి వచ్చింది. నాకు మాత్రం పోయకుండా నిలబడింది.

"ఇంట్లో బంగారు పెట్టుకొని నా చేన్లో కూలికి ఎందుకు వస్తావక్కా?" అంది. కళ్లల్లో నీళ్లున్నాయి. "నన్ను చూసి నవ్వేదానికా?"

తలెత్తి చూశాను. ఆమె పూలు పెట్టుకోలేదు. చిక్కిపోయింది. ఆ చూపు నేను ఎరుగుదును, అది నాదే. ఇన్నేళ్లూ ఆమె తలలో పూలను, ఆమె నడకను, జీపులో ఆమె సీటును ఏ చూపు చూశానో అదే చూపు ఇప్పుడు చెమటతో, మన్నుతో ఉన్న నా మీద నిలిచింది. నా బావి ఆమెదయింది, నా పంట ఆమెదయింది, అయినా ఆమె నన్ను చూసి కుళ్లిపోతోంది. చెప్పకూడదు గానీ, కడుపు నిండింది.

దోసిలి పట్టాను. పోసింది. గటగటా తాగాను. మా బావి నీళ్లు, ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి.

"ఇంకొంచిం పొయ్యి," అన్నాను.